దిద్దిన కళ్ళు

ఆదివారం పొద్దున తొమ్మిదింటి బస్సు వీధి చివర ఆగిన చప్పుడు వినిపిస్తే చాలు, స్టూడియో అమ్మకి కడుపులో మంట మొదలయ్యేది. అది తినకపోవడం వల్ల వచ్చే మంట కాదు. ఆ బస్సులో వియ్యపురాలు దిగుతుంది.

కింద ఫొటో స్టూడియో, పైన ఇల్లు. స్టూడియో ఆమె తండ్రి పెట్టినది. కూతురు ఒక్కతే కావడంతో అది ఆమెకే వచ్చింది. భర్త పోయి ఆరేళ్ళయింది. కొడుకు కెమెరా పని చూసుకుంటాడు, దిద్దుబాటు పని మాత్రం ఇప్పటికీ ఆమెదే. ఒకప్పుడు సన్న కుంచెతో చేసేది, ఇప్పుడు కంప్యూటర్‌లో చేస్తుంది. పెళ్ళికూతుళ్ళ మొటిమలు మాయం చేయడం, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించడం, చెదలు తిన్న తాతలకి కొత్త ముక్కులు పెట్టడం ఆమెకి చిటికెలో పని. వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ స్టూడియో అమ్మే.

ఆ పొద్దున పాస్‌పోర్ట్ ఫొటో కోసం వచ్చిన మందుల షాపావిడ, ఆమె ఒళ్ళో ఉన్న పది నెలల మనవరాలిని చూసి బుగ్గ గిల్లింది.

"పోలికంటే ఇదండీ! అచ్చం ఆ ఆదివారం వచ్చే అమ్మమ్మే దిగిపోయింది. ఆ కళ్ళు చూడండి!"

"చెవులు మావి," అంది స్టూడియో అమ్మ.

"ఆఁ?"

"చెవులు. ఈ తమ్మెలు అతుక్కుని లేవూ? మా నాన్నవి. చిటికెన వేలు కూడా చూడండి, కొంచెం లోపలికి వంగింది. అది నాది."

మందుల షాపావిడ మర్యాదకి పాప చిటికెన వేలు చూసింది. చూసి, "అయినా ఆ కళ్ళు..." అంటూ మళ్ళీ అక్కడికే వచ్చింది.

అదే వచ్చిన చిక్కు. పాప పుట్టినప్పుడు కళ్ళు ఏ రంగో తెలియకుండా మసకగా ఉండేవి. ఆరో నెల దాటాక తేటపడ్డాయి. బూడిద రంగులో కాస్త ఆకుపచ్చ కలిపినట్టు, వెలుతురు పడితే గాజులా మెరిసే పిల్లి కళ్ళు. కొడుకువి నల్లటి కళ్ళు, కోడలివీ నల్లవే. వియ్యపురాలివి మాత్రం అచ్చంగా ఆ పిల్లి కళ్ళే. పొద్దున స్నానం చేయించేది నానమ్మ, మధ్యాహ్నం జోకొట్టేది నానమ్మ, పళ్ళొచ్చే జ్వరానికి రెండు రాత్రులు భుజాన వేసుకుని తిరిగింది నానమ్మ. వారానికోసారి వచ్చి ఊరందరి చేతా పోలిక అనిపించుకునేది అమ్మమ్మ. ఎవరికైనా మండుతుంది మరి.

షాపావిడని పంపి పైకొచ్చేసరికి మెట్ల కింది నుంచే గొంతు వినిపించింది. వియ్యపురాలు ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైంది. ఇంట్లో మాట్లాడినా చివరి సీటు దాకా వినిపించాలన్నట్టే మాట్లాడుతుంది.

"నా కళ్ళు లేచాయా?"

ప్రతి ఆదివారం అదే మాట. పాప ఎలా ఉంది అని కాదు, నా కళ్ళు లేచాయా అని. ఆ గొంతు వినగానే పాప రెండు చేతులూ చాచి అటు దూకింది. స్టూడియో అమ్మ నవ్వు మొహం పెట్టుకుని పాపని అందించింది. పళ్ళు మాత్రం బిగుసుకున్నాయి.

"అన్నట్టు వదినగారూ," అంది వియ్యపురాలు పాపని ఎత్తుకుని, "కింద షోకేసు అద్దాల్లో కొత్తగా ఒక పాప ఫొటో పెట్టారు, ఎవరండీ? ముద్దుగా ఉంది."

స్టూడియో అమ్మ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టింది. "మన పాపే."

"మన పాపా!" వియ్యపురాలు పాప మొహం వైపు చూసింది. తర్వాత పెద్దగా నవ్వేసింది. "చూశారా నా బుద్ధి! ముప్పై ఏళ్ళు మొహం చూసి టిక్కెట్టు కొన్నవాడెవడో కొననివాడెవడో చెప్పినదాన్ని, సొంత మనవరాలిని గుర్తుపట్టలేకపోయాను!"

నవ్వింది కానీ ఆ నవ్వు చివరి సీటు దాకా వెళ్ళలేదు. సోఫాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్న కోడలు పెన్ను మూసి లేచింది. చెప్పులేసుకుని కిందికి వెళ్ళింది. రెండు నిమిషాల తర్వాత పైకొచ్చి, మళ్ళీ పేపర్ల ముందు కూర్చుంది. ఆ తర్వాత ఒక్క పేపరూ దిద్దలేదు.

సంగతేమిటో స్టూడియో అమ్మకి తెలుసు. శుక్రవారం మధ్యాహ్నం కొడుకు బయటికి వెళ్ళినప్పుడు, పాప ఫొటో కంప్యూటర్‌లో తెరిచి, మొదట ఉయ్యాల గొలుసు మీది మరక తీసింది. తర్వాత చెయ్యి ఆగలేదు. రెండు కనుపాపల చుట్టూ గీత గీసి రంగు నల్లగా మార్చింది. రెండు నిమిషాల పని. మార్చగానే ఫొటోలో తన తండ్రి కనిపించాడు, కొడుకు చిన్నతనం కనిపించింది, తాను కూడా కనిపించింది. పది నెలల్లో మొదటిసారి ఆ పిల్ల పూర్తిగా తనదనిపించింది. ఆ సంతోషంలో పెద్ద సైజులో ప్రింటు తీసి, వీధివాళ్ళందరూ చూసేలా అద్దాల్లో పెట్టేసింది.

వియ్యపురాలు మూడింటి బస్సుకి వెళ్ళిపోయే దాకా కోడలు ఆగింది. స్కూల్లో జీవశాస్త్రం చెప్పే పిల్ల. గొంతు పెంచడం ఆమెకి అలవాటు లేదు.

"అత్తయ్యా, పాప కళ్ళు మార్చారా?"

"మార్చడమేంటి? ఫ్లాష్ పడి తెల్లగా వచ్చాయి. కాస్త సరిచేశాను."

"అది ఫ్లాష్ కాదు. అవి దాని కళ్ళు."

"ఊరందరి మొటిమలూ తీస్తే తప్పు కాదు. నా మనవరాలి ఫొటో నేను దిద్దుకుంటే తప్పొచ్చిందా?"

"మొటిమ రేపు పోతుంది అత్తయ్యా. కళ్ళు ఎక్కడికి పోతాయి? రేపు అది పెద్దయ్యి, నా కళ్ళు ఎందుకు మార్చారని అడిగితే ఏం చెప్తారు?"

కొడుకు కెమెరా తుడుచుకుంటూ అటూ ఇటూ చూశాడు. "అమ్మా, పోనీ వేరే ప్రింటు పెడదాం. దానికింత..."

"నువ్వు మాట్లాడకు!" స్టూడియో అమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. "నీకేం పట్టింది? వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ అమ్మమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ! నేనొక దాన్ని ఉన్నానని ఎవరికైనా కనిపిస్తున్నానా? నీళ్ళు పోసేది నేను, నిద్ర పుచ్చేది నేను. ఆవిడ వారానికోసారి వచ్చి ‘నా కళ్ళు’ అంటుంది. పిల్లలో మా ఆనవాలు ఒక్కటీ లేకుండా మొత్తం ఆవిడే లాగేసుకుంది!"

అనేశాక ఆమెకే సిగ్గేసింది. అరవయ్యో పడిలో పడ్డ మనిషి, బొమ్మ కోసం పోట్లాడే పిల్లలా. కానీ కోడలు మొహంలో కోపం పోయి మరేదో వచ్చింది. పక్కన వచ్చి కూర్చుంది.

"ఇందుకా మీ బాధ? పిచ్చి అత్తయ్యా, ముందే చెప్పొచ్చుగా. ఈ కళ్ళు మా అమ్మ ఒక్కతే ఇచ్చిందని ఎవరన్నారు? మీరూ ఇచ్చారు."

"నేనెక్కడ ఇచ్చాను?"

కోడలు ఒక పరీక్ష పేపరు వెనక నాలుగు గడులు గీసింది. "తొమ్మిదో తరగతి పిల్లలకి ఇలాగే చెప్తాను. ఒక్కో గుణానికి మనలో రెండేసి చీటీలుంటాయి. ఒకటి అమ్మిచ్చింది, ఒకటి నాన్నిచ్చింది. మనం మన పిల్లలకి ఇచ్చేటప్పుడు ఆ రెండింట్లో ఏదో ఒకటే ఇస్తాం. నల్ల చీటీ ఒక్కటున్నా దానిదే పెత్తనం, కళ్ళు నల్లగానే ఉంటాయి. పిల్లి కళ్ళ చీటీ దాని వెనక నోరు మూసుకుని ఉంటుంది. పోదు, అంతే. బఠాణీ మొక్కలు పెంచి ఇదంతా కనిపెట్టింది ఒక సన్యాసి."

"పెళ్ళీ పెటాకులూ లేనివాడికి పిల్లల పోలికల గొడవెందుకో," అంది స్టూడియో అమ్మ. కొడుకు పకపకా నవ్వాడు. గదిలో గాలి కాస్త తేలికైంది.

"మా అమ్మవి పిల్లి కళ్ళు. కాబట్టి నాకొక చీటీ వచ్చింది. నాన్న దగ్గర్నుంచి నల్లది వచ్చింది, అందుకే నావి నల్లవి. ఇప్పుడు పాపవి పిల్లి కళ్ళవ్వాలంటే నా చీటీ ఒక్కటే చాలదు. ఈయన దగ్గర్నుంచి కూడా ఒకటి రావాలి. చూడండి, నాలుగు గడుల్లో ఈ ఒక్క గడిలోనే రెండూ కలిశాయి. నిజానికి కళ్ళ రంగు ఇంత తేలిగ్గా తేలదు, ఇంకా చాలా కలుస్తాయి, కానీ మొదటి పాఠం ఇదే. సగం మా అమ్మది, సగం మీది. రేపట్నుంచి మీరు కూడా ‘నా కళ్ళు’ అనండి!"

ఆ పిల్ల మంచికే చెప్పింది. అసూయకి మంచి మాట పెట్టినా దాంట్లో ముల్లే వెతుక్కుంటుంది. స్టూడియో అమ్మ ఆ నాలుగు గడులనీ చాలాసేపు చూసింది.

"అంటే మా వైపు నుంచి ఒకటి రావాలంటావు."

"రావాలి అత్తయ్యా."

"మా వైపు పిల్లి కళ్ళు ఎవరికీ లేవు."

"ఎవరికో ఒకరికి..."

"లేవన్నానా! మాది ఫొటోల ఇల్లు. ఎవరి మొహం ఎలా ఉండేదో మాకు కాగితం మీద ఉంది. మా నాన్నవి నల్లవి. మా నానమ్మవి నల్లవి. మీ మామగారి వాళ్ళందరివీ నల్లవే. మా అమ్మని నేనెరగను, నాకు ఏడాది నిండకుండానే పోయింది. కానీ ఆవిడ ఫొటో కింద గోడకి ఉంది, రంగులేసిన పెద్ద ఫొటో. పోయి చూసుకో, కాటుకలాంటి కళ్ళు." ఆమె వేలు ఆ ఒక్క గడి మీద ఆగింది. "నీ లెక్క ప్రకారం మా వాడి దగ్గర ఆ చీటీ లేదు. మరి ఈ రెండోది ఎవరిచ్చారు?"

కాలు జారితే తీసుకోగలం కానీ నోరు జారితే తీసుకోలేం. ఆ మాట గదిలో పడింది, అక్కడే ఉండిపోయింది.

"అమ్మా!" అన్నాడు కొడుకు.

కోడలు మొహం పాలిపోయింది. చాలా నెమ్మదిగా పేపరు మడిచి కట్టలో పెట్టింది.

"దానికి జవాబు నాకు తెలుసు అత్తయ్యా," అంది. "రోజూ చెప్పే పాఠమే. కానీ చెప్పను. మీరు అడిగింది పాఠం కాదు."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున ఏడింటి బస్సుకి ఒక సంచీ, ఒక పాప, పేపర్ల కట్టతో పుట్టింటికి వెళ్ళిపోయింది. కొడుకు ఎక్కించి వచ్చి, కాఫీ ఇస్తే తీసుకోలేదు.

"నిజంగా నమ్ముతున్నావా అమ్మా నువ్వన్న మాట?"

"నేనేమన్నాను? లెక్క అడిగాను."

"వాళ్ళిద్దరూ తిరిగి రాకపోతే నేనూ ఇక్కడుండను," అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. బండి తీసుకుని ఎక్కడికో వెళ్ళిపోయాడు.

ఉయ్యాల ఖాళీగా ఉంది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం పది నెలలుగా లేదు. భయం వేసింది ఆమెకి. భయం వేసినకొద్దీ మొండితనం పెరిగింది. తనది తప్పు కాదని ఎవరికో ఒకరికి చూపించాలి. సాక్ష్యం కింద గోడకే ఉంది కదా. ఆ ఫొటో స్కాన్ చేసి, కళ్ళు పెద్దవిగా చేసి, కొడుకు ఫోనుకి పంపిస్తే ఏమంటాడో చూద్దాం అనుకుంది.

స్టూడియో తలుపు లోపల గడియ పెట్టుకుని, అమ్మ ఫొటో దించింది. చాలా ఏళ్ళుగా తీయని అద్దం ఊడదీసింది. ఆ ఫొటోకి కాపీలు ఎన్నోసార్లు తీసింది కానీ, అన్నీ అద్దం మీది నుంచి తీసినవే. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి స్కానర్‌లో పెట్టింది. తెర మీద మొహం వచ్చింది. పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

బుగ్గ మీద, నుదుటి మీద, నీళ్ళ రంగు కింద ఫొటో రవ్వ కనిపిస్తోంది. సన్నటి ఇసుక పోసినట్టు, పాత ఫొటోలన్నింటికీ ఉండేదే. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి రవ్వ లేదు. నున్నగా, దట్టంగా, నల్లగా ఉంది. ఎడమ కన్ను అంచున ఒక కుంచె వెంట్రుక పక్కకి జారి చిన్న తోక గీసింది. అలా తోక రాకుండా కుంచె ఎత్తడం తనకి నేర్పింది నాన్నే. ఈ ఒక్కచోట ఆయన చెయ్యే ఎందుకు వణికిందో.

ఇంకెవరు చూసినా అవి కళ్ళే. తనకి మాత్రం అది సిరా. నలభై ఏళ్ళుగా అదే పని చేస్తున్న మనిషి.

కుర్చీలో వెనక్కి వాలింది. ఈ సంగతి తెలిసింది ఈ భూమ్మీద తనకొక్కదానికే. స్కానర్ మూసేసి, ఫొటో గోడకి తగిలించేస్తే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. తన మాట తన మాటగానే ఉంటుంది. నిజం చెప్పాలంటే, లేచి ఫొటో తగిలించింది కూడా. మేకుకి తాడు సరిచూసి, వంకర లేకుండా నిలబెట్టింది. అప్పుడు ఆ నల్లటి కళ్ళు ఆమె వైపు చూశాయి. అరవై ఏళ్ళుగా అమ్మ చూస్తోందనుకున్న చూపు అది. అందులో అమ్మ లేదు.

వెనక గదిలో నాన్న నెగెటివుల పెట్టెలున్నాయి. కవర్ల మీద ఏడాది, అంకె రాసి పెట్టేవాడు. తాను పుట్టిన ఏడాది పెట్టె అడుగున అమ్మ నెగెటివ్ దొరికింది. పసుపు పచ్చబడ్డ కవరు. మూల మీద పెన్సిలుతో, నాన్న చేతి రాత: "కళ్ళు నల్లగా దిద్దాలి. అమ్మ పోరు."

నాన్నకి అమ్మ అంటే నానమ్మ. తనని పెంచిన నానమ్మ. "మీ అమ్మవి నల్లటి కళ్ళే తల్లీ, మన ఇంట్లో అందరివీ నల్లవే," అని కథలా చెప్పిన నానమ్మ. చిన్నప్పుడు అప్పుడప్పుడూ గడ్డం పట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తన కళ్ళలోకి వెలుతురులో తేరిపార చూసేది. ముద్దు చేస్తోందనుకునేది అప్పుడు. చూసిందంతా అమ్మ కళ్ళ రంగు తనకీ దిగిందేమోనన్న అనుమానంతోనని ఇప్పుడు అర్థమైంది. కొడుకు మనసు లాక్కున్న కోడలి మీద కుళ్ళు, ఆ కోడలు పోయాక కూడా చల్లారక, ఫొటోలో కళ్ళు కూడా మిగలనివ్వలేదు.

నెగెటివ్ తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుంది. నెగెటివ్‌లో నల్లటివి తెల్లగా కనిపించాలి, నల్ల కళ్ళయితే గాజులా తేటగా ఉండాలి. ఇవి మబ్బుగా ఉన్నాయి. స్కాన్ చేసి నలుపు తెలుపులు తిరగేసింది.

తెర మీద ఇరవై ఏళ్ళ అమ్మాయి. పెదవి చివర నవ్వు ఆపుకుంటోంది. తేటగా, లేతగా, వెలుతురు నింపుకున్న కళ్ళు. పది నెలలుగా తన ఒళ్ళో పడుకుని, పాలు తాగుతూ తాగుతూ ఆగి, తన మొహంలోకి అదే పనిగా చూస్తున్న కళ్ళు.

"అమ్మా," అంది స్టూడియో అమ్మ. జీవితంలో ఆ పిలుపు ఎవరినీ చూసి పిలిచింది కాదు. బల్ల మీద తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. అమ్మ తన దగ్గరికే వచ్చింది, తనలోనే దాక్కుని, కొడుకులో దాక్కుని, ఇన్నేళ్ళకి బయటికొచ్చి చూసింది. వస్తే తాను ఏం చేసింది? ఆ కళ్ళకి మళ్ళీ నల్లరంగు పూసింది.

మధ్యాహ్నానికి బస్సు దిగి వియ్యపురాలి ఇంటికి వెళ్ళింది. వాళ్ళ ఇంటికి ఆమె రావడం పెళ్ళి తర్వాత ఇది రెండోసారి. రెండు గదుల ఇల్లు, గుమ్మం పక్కన మేకుకి కండక్టరు తోలు సంచీ ఇంకా వేలాడుతోంది. పాప నేల మీద కూర్చుని టిక్కెట్లకి కన్నాలు పెట్టే పాత పంచ్ ప్లయరుతో ఆడుకుంటోంది. కోడలు కిటికీ దగ్గర పేపర్లు దిద్దుకుంటోంది.

"రండి రండి వదినగారూ!" వియ్యపురాలు ఎదురొచ్చింది. "ఒక్కరోజు కూడా మనవరాలిని చూడకుండా ఉండలేకపోయారా? స్కూలు తరఫున రేపట్నుంచి ఏదో ట్రైనింగట, ఇక్కడికి దగ్గరని వచ్చింది. ముందు చెప్పి ఉంటే స్టాండు దాకా వచ్చేదాన్ని కదా!"

అంటే కోడలు చెప్పలేదు. తల్లి దగ్గర కూడా అత్త పరువు కాపాడింది. స్టూడియో అమ్మ మంచం అంచున కూర్చుని సంచీ తెరిచింది. కవరులోంచి కొత్త ప్రింటు తీసి వియ్యపురాలి చేతిలో పెట్టింది.

"ఎవరండీ ఈవిడ? నా చిన్నప్పటి ఫొటోలా ఉంది!"

"మా అమ్మ. గోడకున్న ఫొటోలో కళ్ళకి మా నాన్న నల్ల సిరా దిద్దాడు, ఇది పాత నెగెటివ్ నుంచి తీశాను."

"మీ అమ్మగారా! అయితే మీ వైపూ ఉన్నాయన్నమాట! సగం మీవి, సగం మావి. ఈ మాట ముందే చెప్పొద్దూ? నేనొక్కదాన్నే ఊరంతా చాటుకుంటూ తిరుగుతున్నాను!"

అక్కడితో అయిపోయేది. నవ్వేసి, కాఫీ తాగి, కోడలిని తీసుకుని సాయంత్రం బస్సెక్కితే సరిపోయేది. కోడలు తలెత్తి అత్త వైపు చూసింది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఇంతలో పాప ప్లయరు వదిలేసి, పాకుకుంటూ వచ్చి, అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని లేచి నిలబడింది. తన వైపు రాలేదు. కడుపులో మంట మళ్ళీ లేచింది. ఈసారి ఆ మంట ఎవరిదో ఆమె గుర్తుపట్టింది.

"వదినగారూ, మీ అమ్మాయి ట్రైనింగ్ కోసం రాలేదు. నేను పంపేశాను."

"పంపేయడమేంటి?"

"పాప మా వాడి పిల్ల కాదన్నట్టు మాట్లాడాను. మీ కళ్ళు వచ్చాయని కుళ్ళుకుని అన్నాను. ఫొటోలో దాని కళ్ళు మార్చింది కూడా నేనే, ఫ్లాష్ కాదు. మా అమ్మ కళ్ళు దాక్కుని దాక్కుని వచ్చాయి. ఈ కుళ్ళు మాత్రం దాక్కోలేదు. మా నానమ్మ దగ్గర్నుంచి తిన్నగా నాకు దిగింది."

వియ్యపురాలు ప్రింటు మంచం మీద పెట్టింది. గొంతు మొదటిసారి ముందు సీటు దాకా కూడా వినిపించనంత తగ్గింది.

"నా కూతుర్నా?"

"అవును."

"నా బస్సులో ఎవడైనా ఒక ఆడపిల్లని ఆ మాటంటే, నడి రోడ్డు మీద దింపేసేదాన్ని."

"దింపేయండి. దిగుతాను."

పాప ఒక్కతే ఏదో కబుర్లు చెబుతోంది. చివరికి కోడలు పెన్ను పక్కన పెట్టింది.

"ఆ నెగెటివ్ దొరక్కపోతే ఏం చేసేవారు అత్తయ్యా?"

స్టూడియో అమ్మకి ఒక అబద్ధం నోటి చివరి దాకా వచ్చింది. అయినా వచ్చేదాన్నే తల్లీ, అని. మింగేసింది.

"వచ్చేదాన్ని కాదు. ఇంట్లోనే కూర్చుని నీదే తప్పని అనుకునేదాన్ని. ఇంకా నిజం చెప్పనా? ఫొటో మీద సిరా చూశాక కూడా తిరిగి గోడకి తగిలించేశాను."

కోడలి కళ్ళు నిండాయి. "దొరక్కపోయినా వచ్చేదాన్ని అంటారేమో అనుకున్నాను," అంది. "అలా అని ఉంటే ఇంక ఎప్పటికీ వచ్చేదాన్ని కాదు."

"నన్ను క్షమించమ్మా. రుజువు చూసి అడుగుతున్నాను. చూడకముందు అడగాల్సింది."

కోడలు పేపర్లు సర్ది పక్కన పెట్టింది. "ఇప్పుడే రాలేను అత్తయ్యా. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. ఈ నెల ఇక్కడ్నుంచే స్కూలుకి వెళ్తాను. ఆయనకి నేను చెప్తాను, మిమ్మల్ని వదిలి ఎక్కడికీ వెళ్ళొద్దని. మీరు... మీకు చూడాలనిపిస్తే ఆదివారాలు రండి."

వారానికోసారి. ఆ మాట గుండెలో ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వారంలో ఆరు రోజులు ఎదురుచూసి, ఒక్క రోజు బస్సెక్కి వచ్చే మనిషి గుమ్మంలోకి ఎందుకంత గట్టిగా అరుచుకుంటూ వస్తుందో ఆమెకి ఇప్పుడు తెలిసింది. వియ్యపురాలి వైపు తిరిగింది.

"రావచ్చా వదినగారూ?"

వియ్యపురాలి మొహం ఇంకా గట్టిగానే ఉంది. వంగి, తన కుచ్చిళ్ళు పట్టుకున్న పాపని ఎత్తి, తెచ్చి స్టూడియో అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పాప ఆమె మొహంలోకి చూసింది. తడిగా ఉన్న బుగ్గ మీద అరచెయ్యి వేసి, ఆ తడి ఏమిటో చూసుకుంది. స్టూడియో అమ్మ ఆ కళ్ళ మీది నుంచి చూపు తిప్పుకోలేదు.

మూడింటికి లేచి, పాపని తల్లికిచ్చి, మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఆ గొంతు వినిపించింది, మళ్ళీ చివరి సీటు దాకా.

"ఆదివారం ఎనిమిదిన్నర బండి ఎక్కండి! తొమ్మిదింటిది నిండిపోతుంది, నిలబడాలి. ఎడమ వైపు కూర్చోకండి, దారంతా ఎండ."

స్టూడియో అమ్మ వెనక్కి తిరిగి తల ఊపింది.